శిలాజాల సరదా మంచిదే... ధూళితోనే జాగ్రత్త!

"మాది మంచిర్యాల జిల్లా. మావారు హైస్కూలులో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పిల్లల్ని వాగుల వెంట తిప్పి, ఆకుల అచ్చులున్న రాళ్లు, రాయిగా మారిపోయిన చెక్క ముక్కలు పోగుచేయించేవారు. రాజమండ్రి వైపు వెళ్లినప్పుడు గవ్వలు అతుక్కున్న రాళ్లు తెచ్చుకున్నారు. ఇప్పుడు అవే ఆయన లోకం. పొద్దున్నే ఫలహారం చేసి వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం భోజనం దాకా లేవరు. ఉలి, సుత్తి, ఇనప బ్రష్షు పెట్టి గీకుతారు. ఈమధ్య మా అబ్బాయి చిన్న గ్రైండింగ్ మిషను కొనిచ్చాడు. అది ఆడిస్తే వరండా అంతా తెల్లటి పొగ కమ్మినట్టుంటుంది. కొన్ని రాళ్లను బాత్‌రూం కడిగే యాసిడ్‌లో వేస్తారు. మూడు నెలలుగా ఆయనకు పొడిదగ్గు. చూపించుకోమంటే, 'సరదాకి చేసే పనికి జబ్బులేమిటే' అంటారు. ఆయన లేచాక వరండా ఊడ్చేది నేనే. నాకూ అప్పుడప్పుడు దగ్గు వస్తుంది గానీ తిరగమోత ఘాటేమో అనుకుంటాను. నాలుగేళ్ల మనవడు తాతయ్య పక్కనే ఆడుకుంటాడు. ఈ రాళ్లన్నీ పారేయించమంటారా? పారేస్తే ఆయన అన్నం మానేస్తారేమోనని భయం."

– ఒక సోదరి

అమ్మా! రాళ్లు పారేయించవద్దు. రిటైరైన మనిషికి రోజూ ఇష్టంగా కూర్చునే పని ఒకటి ఉండటం ఆరోగ్యానికి ఎంతో మంచిది. మీ ఇంట్లోంచి కదలవలసినవి మూడే. ఒకటి గ్రైండింగ్ మిషను, రెండు యాసిడ్ సీసా, మూడు మీరు వరండా ఊడ్చే చీపురు. మూడోది చూసి ఆశ్చర్యపోతున్నారా? మీరు మీవారి దగ్గు గురించి రాశారు. నాకు మీ దగ్గు మీదా అంతే ధ్యాస ఉంది. ఎందుకో చెబుతాను.

ముందు దగ్గు సంగతి

మీవారి దగ్గు రాళ్ల ధూళి వల్లేనని ఉత్తరం చదివి చెప్పడం తప్పు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి వచ్చినా ముందు క్షయ ఉందో లేదో తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు జీర ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

ఇంకో విషయం. మీవారు రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారా? ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు కొందరిలో నెలల తరబడి పొడిదగ్గు తెప్పిస్తాయి. అదే కారణమైతే డాక్టరు మాత్ర మార్చిన కొద్ది వారాల్లో దగ్గు తగ్గుతుంది. సొంతంగా మాత్ర మానేయకూడదు. బీడీ, సిగరెట్టు అలవాటు ఉంటే అదీ దాచకుండా చెప్పాలి. ఉబ్బసం, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం కూడా దగ్గుకు కారణాలే.

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "నేను రోజూ ఇన్ని గంటలు రాళ్లు గీకుతాను, మిషనుతో అరగదీస్తాను" అని మీవారు తప్పకుండా చెప్పాలి. రిటైరైన మాస్టారు ఎదురుగా కూర్చుంటే రాతి ధూళి గురించి అడగాలని ఏ డాక్టరుకీ తోచదు. మీరూ ఆయనతోపాటే వెళ్లి పరీక్ష చేయించుకోండి.

కంటికి కనబడని ధూళే ప్రమాదం

మీవారి రాళ్లు మూడు రకాలు. రాయిగా మారిన చెక్క అంటే దాదాపు అంతా సిలికాయే. చెట్టు మట్టిలో కూరుకుపోయాక నీటిలో కరిగి ఉన్న సిలికా దాని కణకణంలోకి చేరి గట్టిపడింది. ఇసుకరాతిలోనూ ఎక్కువ భాగం సిలికాయే. ఆకుల అచ్చులుండే పలకరాతిలో కొంత ఉంటుంది. గవ్వల రాయి ఎక్కువగా సున్నపురాయి, దానిలో సిలికా తక్కువ. అయితే సున్నపురాతి మధ్యలో చెకుముకి పొరలు ఉంటే అవి సిలికా కిందే లెక్క.

ఈ సిలికాను అరగదీసినప్పుడు పెద్ద రేణువులు నేలమీద పడతాయి. కొన్ని ముక్కులో, గొంతులో చిక్కుకుని తుమ్ముతోనో దగ్గుతోనో బయటికి వచ్చేస్తాయి. వాటితో పెద్ద బాధ లేదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్ల లోపు రేణువులు కంటికి కనబడవు. అవి గంటల తరబడి గాలిలో తేలుతూ, ఊపిరితిత్తుల్లోని చిట్టచివరి గాలి గదుల దాకా పోతాయి. వరండాలో మీకు కనబడిన తెల్లటి పొగ అణగిపోయాక కూడా ఈ రేణువులు గాలిలోనే ఉంటాయి.

గాలి గదుల్లో కాపలా కాసే కణాలుంటాయి. సూక్ష్మక్రిములను మింగి చంపడం వాటి పని. అవే సిలికా రేణువునూ మింగుతాయి, కానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి. రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని మరో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఈ పోరాటం జరిగిన చోటల్లా వాపు, ఆపైన మచ్చ ఏర్పడతాయి. మెత్తని స్పాంజిలా ఉండవలసిన ఊపిరితిత్తి అక్కడక్కడా ముడులు కట్టి గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. కాపలా కణాలు దెబ్బతింటాయి కాబట్టి ఈ రోగులకు క్షయ సులభంగా అంటుకుంటుంది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, పనిచోట పీల్చే స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో చేర్చింది.

సిలికోసిస్ మామూలుగా పది, పదిహేనేళ్ల తర్వాత గానీ బయటపడదు. మొదట మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు. తర్వాత నడిస్తేనే ఆయాసం. పడిన మచ్చను పోగొట్టే మందు నేటికీ లేదు. కాబట్టి రాకుండా చూసుకోవడమే వైద్యం.

బలపాలు నేర్పిన పాఠం

మన చిన్నతనంలో పలకమీద దిద్దుకున్న రాతి బలపాలు చాలావరకు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ నుంచి వచ్చేవి. రంపపు మిషన్లతో రాతిని పొడిగా కోసేవారు. అక్కడి పనివాళ్లను పరీక్షించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైగా సిలికోసిస్ కనిపించింది. మనం అక్షరాలు దిద్దిన బలపం వెనుక ఇంత కథ ఉంది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1930, 1931 సంవత్సరాల్లో హాక్స్ నెస్ట్ సొరంగాన్ని సిలికా ఎక్కువగా ఉన్న ఇసుకరాతిలోంచి తవ్వారు. నీళ్లు చిమ్ముతూ తొలిస్తే ధూళి లేవదని అప్పటికే తెలుసు. అయినా పొడిగానే తొలిచారు. వందలమంది కూలీలు పోయారు. కొందరు పనిలో చేరిన ఏడాది, రెండేళ్లకే మరణించారు.

ఇది పాతకాలపు జబ్బు అనుకోవద్దు. వంటగదుల్లో పరిచే కృత్రిమ రాతి పలకలను కోసే యువకుల్లో సిలికోసిస్ పెరిగిందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది.

ఇదంతా చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. క్వారీ కూలీ ఏళ్ల తరబడి రోజుకు ఎనిమిది గంటలు పీల్చే ధూళికీ, సరదాకు రాయి శుభ్రం చేసే మనిషి పీల్చే ధూళికీ ఎంతో తేడా ఉంది. జబ్బు రావడం ఎంత ధూళి, ఎన్నాళ్లు పీల్చారన్న దానిమీద ఆధారపడుతుంది. కానీ మిషను పెట్టి రోజూ నాలుగు గంటలు పొడిగా అరగదీస్తుంటే ఆ తేడా తగ్గిపోతూ వస్తుంది. సరదాకు చేస్తున్నామా, కూలికి చేస్తున్నామా అన్నది ఊపిరితిత్తికి తెలియదు.

మీ చీపురు సంగతి

మాస్టారు లేచి భోజనానికి వెళ్లాక మీరు పొడి చీపురుతో ఊడుస్తారు. అప్పటికి నేలమీద కుదురుకున్న సన్నధూళి అంతా మళ్లీ లేచి మీ ముక్కు దగ్గరకే వస్తుంది. ఆయన కాస్త ముక్కుకు గుడ్డయినా కట్టుకుంటారేమో, మీరు అదీ కట్టుకోరు. రాయి ముట్టని మనిషికి రాతి ధూళి ఎక్కేది ఇలాగే. ఆయన బట్టలు దులిపేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

ఇకనుంచి ఆ వరండా ఊడ్చవద్దు. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడవండి. ఇంకా మంచిది, ఎవరి ధూళి వారే తుడుచుకోవడం. బడిలో పిల్లలకు పరిశుభ్రత నేర్పిన మాస్టారికి ఇది కష్టమేమీ కాదు. ఆయన బట్టలు దులపకుండా నేరుగా బకెట్టు నీళ్లలో వేయాలి. పని అయ్యాక స్నానం చేసిగానీ మనవణ్ణి ఎత్తుకోకూడదు. పనిచేస్తూ టీ తాగడం, ఏదైనా నమలడం మానాలి.

మరి ఎలా శుభ్రం చేయాలి?

మాస్టారు ఈ పద్ధతి పాటిస్తే ఆయన ఊపిరితిత్తులూ బాగుంటాయి, శిలాజాలూ బాగుంటాయి.

1. నీళ్లే మొదటి పనిముట్టు. గట్టి రాయిని ఒక పూట నీళ్లలో నానబెట్టి, అంటుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో నీళ్లలోనే రుద్దాలి. నీటిలో ధూళి లేవదు.

2. ఆకుల అచ్చులున్న మెత్తని పలకరాతిని మాత్రం నానబెట్టవద్దు. పొరలుగా విచ్చిపోయి అచ్చు పోతుంది. దాన్ని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చుని, మాస్కు పెట్టుకుని మెత్తని కుంచెతో తేలిగ్గా అద్దాలి. నోటితో ఊదకూడదు. ఊదిన ధూళి తిరిగి మొహానికే వస్తుంది.

3. గీకడానికి ఇనప బ్రష్షు వద్దు, శిలాజం మీద గీతలు పడతాయి. దబ్బనం, సన్నని వెదురు పుల్ల, పళ్ల డాక్టరు వాడి పక్కన పెట్టిన కొక్కెం బాగా పనికొస్తాయి. గీకే చోట కుంచెతో నీటిచుక్క వేస్తూ ఉండాలి. భూతద్దం, మంచి వెలుతురు ఉంటే బలం వాడవలసిన పని ఉండదు.

4. గ్రైండింగ్ మిషను ఇంట్లో ఏ రాయికీ వద్దు. నీటిధార, ధూళి పీల్చే యంత్రం అమర్చిన పనిశాలల్లో వాడవలసిన వస్తువు అది.

5. బల్లమీద తడిపిన పాత పేపరు పరచి పనిచేయాలి. అయ్యాక పేపరును తడిగానే మడిచి సంచిలో కట్టి పారేయాలి.

6. ముక్కుకు చేతిరుమాలు, తువ్వాలు చాలవు. సన్నని రేణువులు వాటిలోంచి దూరిపోతాయి. 2020లో కోవిడ్ రోజుల్లో అందరం ఎరిగిన ఎన్-95 మాస్కు వాడాలి. అంచులు మొహానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరుతుంది. దాన్ని ఉతికి వాడకూడదు. మాస్కు ఉంది కదా అని పొడిగా అరగదీయవచ్చనుకోవద్దు. ముందు నీళ్లు, తర్వాతే మాస్కు.

7. ఒక్క దెబ్బ వేసేటప్పుడైనా కళ్లకు పక్కలు మూసి ఉండే రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. చత్వారం కళ్లజోడు చాలదు.

యాసిడ్ ఎందుకు వద్దు?

బాత్‌రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపురాయి మీద పడగానే బుసబుసమని పొంగుతుంది. గవ్వ కూడా సున్నమే. రాతిని కరిగించే యాసిడ్ గవ్వనూ కరిగించేస్తుంది. రాజమండ్రి ప్రాంతపు గవ్వలు లావా పొరల నడుమ సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాలుగా చెక్కుచెదరకుండా ఉన్నవి. పది నిమిషాల్లో వాటిని పోగొట్టుకోవడం మాస్టారికి ఇష్టమా? అడగండి. సున్నపురాతిలో చిక్కిన ఎముకలను బయటికి తీయడానికి మ్యూజియాల వారు పలచని ఎసిటిక్ ఆమ్లం వాడతారు. అది వాళ్ల పనిశాలలో, పొగ లాగే గూటిలో, రోజుల తరబడి చేసే పని. ఇంట్లో చేసేది కాదు.

యాసిడ్ ఆవిరి ముక్కు, గొంతు, ఊపిరి గొట్టాలను మండిస్తుంది. పొడిదగ్గుకు అదీ ఒక కారణం కావచ్చు. దాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూంలో అది ప్రాణం తీయగలదు.

అన్నిటికంటే పెద్ద భయం మీ మనవడి గురించి. చాలా ఇళ్లలో యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి మూలన పెడతారు. నాలుగేళ్ల బిడ్డకు అది కూల్‌డ్రింకే. పొరపాటున తాగితే అన్నవాహిక కాలిపోతుంది. అలా జరిగితే వాంతి చేయించకూడదు, ఉప్పునీళ్లు తాగించకూడదు. నోరు నీళ్లతో కడిగి, సీసా కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అసలు ఆ సీసాయే ఇంట్లో లేకపోతే ఈ భయమే లేదు కదా! మనవడు తాతయ్య పని చూడాలంటే, తడిపని చేసేటప్పుడు, నాలుగడుగుల దూరంలో, కళ్లకు అద్దాలతో చూడనివ్వండి.

కంట్లో రాయి పడితే

నలపవద్దు. ఆముదం, చనుబాలు, వెన్న వంటివి వేయవద్దు. నలుసు మాత్రమే అయితే శుభ్రమైన నీటితో కడిగితే పోవచ్చు. పోకపోయినా, కన్ను ఎర్రబడినా కంటి డాక్టరుకు చూపించాలి. చిప్ప కంట్లో గుచ్చుకుంటే లాగవద్దు, కడగవద్దు. కంటిమీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి అంటించి, తక్షణం ఆసుపత్రికి పంపాలి. యాసిడ్ చిందితే మాత్రం ఎక్కడికీ పరిగెత్తక ముందే కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి.

ఇక మీవారికి ఒక మాట. మాస్టారూ! మన గోదావరి లోయ శిలాజాలకు ప్రసిద్ధమని మీకు నేను చెప్పనక్కరలేదు. యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మీకూ ఎప్పుడైనా పెద్ద ఎముకలాంటిది కనబడితే ఉలి పెట్టకుండా, కదపకుండా, ఉన్నచోటే ఫోటో తీసి భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలియజేయండి. మీ మనవడికి ఈ రాళ్ల కథ చెప్పేటప్పుడు ఆయాసం అడ్డు రాకూడదు. అందుకని ఈ వారమే ఎక్స్‌రే తీయించుకోండి, ఇంట్లో ఆవిణ్ణి కూడా తీసుకువెళ్లండి.

మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: విరిగిన శిలాజాలను అతికించడానికి ఎసిటోన్‌లో కరిగించిన జిగురు వాడుతున్నాను. తల తిరుగుతోంది. ఎందుకు?

జవాబు: ఎసిటోన్ ఆవిరి పీల్చడం వల్ల. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో సాధారణంగా ఉండేది ఇదే. మ్యూజియాల్లో వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురునూ ఎసిటోన్‌లోనే కరిగిస్తారు. కిటికీలు తెరిచి, కొద్దికొద్దిగా వాడండి. దీనికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. గ్యాసు పొయ్యి, దీపం, అగరువత్తి దరిదాపుల్లో ఉండకూడదు. తల తిరిగిన వెంటనే పని ఆపి బయటి గాలిలోకి రండి.

ప్రశ్న: శిలాజాల నుంచి రేడియేషన్ వస్తుందని మా స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: కొన్నిచోట్ల భూగర్భజలంలోని యురేనియం శిలాజ ఎముకల్లో చేరుతుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో హాగర్‌మన్ వద్ద దొరికిన గుర్రపు ఎముకలు అలాంటివే. అన్ని శిలాజాలూ అలా ఉండవు. నాలుగు గవ్వలు, ఆకుల అచ్చులు దాచుకున్నందుకు భయపడవద్దు. ఎముకల శిలాజాలు పెట్టెల కొద్దీ ఉంటే మాత్రం పడకగదిలో కాక, గాలి ఆడే గదిలో ఉంచండి.

ప్రశ్న: మా పూజలో తాతలనాటి సాలగ్రామం ఉంది. అదీ శిలాజమేనంటారు. నల్లగా మాసిపోయింది. యాసిడ్‌తోనో, గరుకు కాగితంతోనో మెరుగు పెట్టించవచ్చా?

జవాబు: నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు నిజంగా శిలాజాలే. వాటిలోని చక్రం ఎప్పుడో సముద్రంలో బతికిన అమ్మొనైట్ అనే జీవి గుల్ల. ఆ నలుపు మాసినందువల్ల వచ్చింది కాదు, రాయి రంగే అది. యాసిడ్, గరుకు కాగితం రెండూ వద్దు. మీ తాతగారు చేసినట్టే రోజూ మంచినీళ్లతో అభిషేకం చేసి, మెత్తని పొడిబట్టతో తుడవండి. శిలాజాన్ని శుభ్రం చేసే పద్ధతుల్లో అంతకంటే సురక్షితమైనది లేదు.